ఒప్పించుట, ఓడించుట: గిడుగువారి వాదపద్ధతిపై ఒక పరిశీలనము

ఇరువదవ శతాబ్ది తొలిభాగమున తెలుగునాట నడచిన గ్రాంథిక వ్యావహారిక వివాదమును గూర్చి ఇదివరకు ఎందరో వ్రాసియున్నారు. ఎవరి పక్షము సాధువన్న ప్రశ్నయే ఆ వ్రాతలలో ప్రధానము. ఆ ప్రశ్నకు కాలమే సమాధానము చెప్పినది. నేడు దినపత్రికలు, కథలు, నవలలు, పాఠ్యపుస్తకములు వ్యావహారికముననే వెలువడుచున్నవి. అయితే ఆ వివాదమును మఱియొక దృష్టితో చూచుటకు అవకాశము కలదు. తనతో ఏకీభవింపనివారిని ఒప్పించుటకు గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు ఏయే మార్గములను అవలంబించిరి? వానిలో ఏది ఫలించెను? ఏది ఎదిరిని ఓడించియు ఒప్పింపలేకపోయెను? ఈ వ్యాసమునకు ఇదియే విషయము.

ఈ విషయము మనవంటివారికి మఱింత దగ్గరది. పంతులుగారి కార్యక్షేత్రము పర్లాకిమిడి. అది నేడు ఒడిశాలో గజపతి జిల్లాకు ముఖ్యపట్టణము. తెలుగు రాష్ట్రముల సరిహద్దులకు ఆవల నివసించు మన సంఘములలో భేదాభిప్రాయములకు కొదువ లేదు. పిల్లలను ఏ మాధ్యమమున చదివింపవలెను? ఇంట మాటాడు తెలుగు నేర్పవలెనా, పుస్తకములోని తెలుగు నేర్పవలెనా? ఈ ప్రశ్నలపై మనము సభలలో గట్టిగనే వాదింతుము. సభ ముగిసిన పిమ్మట ఎవరి అభిప్రాయముతో వారే ఇంటికి పోవుదుము. కావున వాదించు విద్యను గూర్చి ఆలోచించుట మనకు అనవసరము కాదు.

వ్యావహారికోద్యమ నాయకుని గూర్చిన వ్యాసము ఇట్టి పాతబాణి తెలుగున ఉండుట చూచి కొందఱు నవ్వుకొనవచ్చును. పంతులుగారు గ్రాంథికమునకు శత్రువులు కారు. గ్రాంథికము వ్రాయగోరువారు దానిని సరిగా నేర్చి వ్రాయవలెననియు, బాలురపై దానిని నిర్బంధముగా రుద్దరాదనియు మాత్రమే వారు కోరిరి. అందుచే ఈ వ్రాతకు వారి మన్నన లభించునని నా నమ్మకము. ఇందలి తప్పులకు మాత్రము లభింపదు.

వాదము, జల్పము, వితండ

మన న్యాయశాస్త్రకారులు చర్చను మూడు విధములుగా విభజించిరి. సత్యమును తెలిసికొనుటకై ఇరువురు చేయు చర్చ వాదము. గెలుపే ప్రయోజనముగా చేయునది జల్పము. తనకు పక్షమంటూ లేక, ఎదిరి మాటను ఖండించుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. ఈ విభాగమున గమనింపదగిన అంశమొకటి కలదు. వాదమునకును జల్పమునకును సాధనములు ఇంచుమించు ఒక్కటియే. ప్రమాణములు, హేతువులు, ఉదాహరణములు రెండింటను ఉండును. భేదమంతయు ఉద్దేశమున ఉన్నది. ఒకే వ్యక్తి, ఒకే రోజున, ఒకే గ్రంథములో ఒకచోట వాదము చేయుచు, మఱియొకచోట తనకు తెలియకయే జల్పమునకు దిగవచ్చును. గిడుగువారి రచనలను ఈ దృష్టితో చదివినచో వారి విజయమునకును, ఆ విజయమునకు గల హద్దులకును కారణము కొంత తెలియగలదు.

సవరల చెంత శిష్యుడు

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగక్షేత్రమునకు సమీపమున, వంశధారాతీరముననున్న పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో ఉపాధ్యాయులై పర్లాకిమిడి చేరిరి. తెలుగును గూర్చిన వివాదమునకు చాల ముందే వారు కొండప్రాంతపు సవరలకు చదువు చెప్పవలెనని సంకల్పించిరి. ఇది సులభకార్యము కాదు. బయటినుండి వచ్చిన చదువుకొన్నవాడు మేలు చేయుదునన్నను కొండవారు నమ్ముటకు కారణము లేదు.

ఆయన మొదట చేసిన పని ఉపన్యాసము కాదు. తెలుగు, సవర రెండును వచ్చిన మనుష్యుని ఇంట పెట్టుకొని, అతనిని గురువుగా భావించి, వ్రాతలేని ఆ భాషను నేర్చుకొనిరి. పిమ్మట వాచకములు కూర్చిరి. కథలను, పాటలను సేకరించిరి. సొంత సొమ్ముతో బడులు నడపిరి. 1931లో ఆయన సవరభాషా వివరణగ్రంథమును, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి. మన్యపు జ్వరమునకు తిన్న క్వినైను వలన ఆయనకు వినికిడి తగ్గి, జీవితాంతము చెవుడు మిగిలెను. ఒక జాతి మాటను వినుటకు పోయి తన వినికిడినే కోల్పోయిన మనిషి ఆయన.

ఇక్కడి పద్ధతి స్పష్టము. ఎవరిని ఒప్పింపగోరెనో వారికి ఆయన మొదట శిష్యుడయ్యెను. వారి మాటలలో వారి లోకమును తెలిసికొన్న తరువాతనే తాను చెప్పదలచినది చెప్పెను.

తెలుగును గూర్చి ఇంగ్లీషున పోరాటము

తెలుగు వివాదమునకు 1907 ప్రాంతమున అంకురార్పణ జరిగినది. పాఠశాలల పరీక్షాధికారియైన యేట్సు దొరకు ఒక సందేహము కలిగెను. జనులు మాటాడునది ఒక తెలుగు, పుస్తకములలో చదువునది వేఱొక తెలుగు, ఇట్లేల? విశాఖపట్టణములోని శ్రీమతి ఎ.వి.ఎన్. కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాసయ్యంగారు, విజయనగరమున గురజాడ అప్పారావుగారు, పర్లాకిమిడిలో రామమూర్తిగారు ఆ సందేహమును అందుకొనిరి. సంస్కరణ యత్నము సాగినది. దానికి ప్రతిగా 1911లో జయంతి రామయ్య పంతులుగారి పూనికతో ఆంధ్రసాహిత్యపరిషత్తు వెలసినది. 1913లో రామమూర్తిగారు ఆధునికాంధ్రమును గూర్చి విజ్ఞాపనమును, రామయ్యగారు కావ్యభాషాసమర్థనమును ప్రకటించిరి. 1914లో అప్పారావుగారు మదరాసు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి.

ఈ మూడు రచనలకును సామాన్యమైన లక్షణమొకటి కలదు. మూడును ఇంగ్లీషున వ్రాయబడినవి. తెలుగు ఎట్లుండవలెనన్న ప్రశ్నపై తెలుగు మహాపండితులు ముగ్గురు తెలుగున గాక ఇంగ్లీషున వాదించుట ఆశ్చర్యకరము. కారణము వెదకుటకు ఎంతో దూరము పోనక్కరలేదు. ఉభయపక్షములవారును ఒప్పింపదలచినది ఒకరినొకరు కాదు, తెలుగు చదువరిని అంతకన్న కాదు. ఆజ్ఞ చేయగల అధికారులను. ఎదుటిపక్షమువాడు అక్కడ సహృదయుడు కాడు, వ్యాజ్యములో ప్రతివాది. న్యాయాధిపతి వేఱొకడు కూర్చుండియుండగా ప్రతివాదిని ఒప్పించు అవసరమేమి?

తీర్పు గ్రాంథికమునకు అనుకూలముగా వచ్చినది. పరీక్షలలో వ్యావహారికమునకు చూపబడిన వెసులుబాటు తొలగినది. 1915 నవంబరు 30న అప్పారావుగారు దివంగతులైరి. వ్యావహారికపక్షమునకు అది గడ్డుకాలము. అయితే ఆ తీర్పు ఏ ఒక్కరి మనస్సునైనను మార్చినదా? మార్చినట్లు నిదర్శనము లేదు. ఆజ్ఞకు లోబడినవారు ఆజ్ఞ ఉన్నంతకాలము లోబడియుండిరి. నాడు ఆజ్ఞ వ్యావహారికమునకు అనుకూలముగా వచ్చియున్నను ఫలము ఇంతకన్న మిన్నగా ఉండెడిది కాదని నా అభిప్రాయము.

రెండు పేర్లు, రెండు పద్ధతులు

ఓటమి రామమూర్తిగారికి మేలే చేసినది. ఆయన అధికారులను విడిచి తెలుగు చదువరుల వైపు తిరిగిరి. 1919లో 'తెలుగు' అను పత్రికను స్థాపించి ఒక సంవత్సరకాలము నడపిరి. ఊరూర సభలలో ప్రసంగించిరి. ఇప్పుడు వాదము తెలుగుననే నడచినది. ఈ దశకు చెందిన కృషినుండి వెలువడిన రెండు గ్రంథముల పేర్లను పక్కపక్కన పెట్టి చూతము.

మొదటిది 'బాలకవిశరణ్యము'. చిన్నయసూరి బాలవ్యాకరణము అంగీకరింపని ప్రయోగములు ప్రాచీన కవుల కావ్యములలో ఎన్నియో కలవని ఇది నిరూపించును. వ్యాకరణమునకు ప్రామాణ్యము కవిప్రయోగము వలన వచ్చినది. కవులు వాడిన మాటను వ్యాకరణము తప్పనినచో లోపము వ్యాకరణముదే. ఈ వాదము పండితుల ధనాగారములోని నాణెములతోనే నడచినది. పండితులు పూజించు కవులనే సాక్షులుగా పిలిచెను. దీనిలో పరదేశపు సిద్ధాంతము లేదు, కొత్త దేవత లేదు. సూరి విడిచినవానిని చేర్చుటకు బహుజనపల్లి సీతారామాచార్యులవారు ప్రౌఢవ్యాకరణమును రచించినప్పుడే, బాలవ్యాకరణము సంపూర్ణము కాదని సంప్రదాయము తానుగా ఒప్పుకొన్నది. పంతులుగారు ఆ దారిని మఱికొంత దూరము సాగించిరి. గ్రంథము పేరులోని శరణ్యశబ్దమును గమనింపుడు. తప్పులు పట్టువారికి వెఱచి కలము ముడిచిన బాలకవికి అది ఆశ్రయము. ఇది వాదము.

రెండవది 'ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజము'. భిషక్కనగా వైద్యుడు. భేషజమనగా సంస్కృతమున ఔషధము. తెలుగు వాడుకలో డాంబికము. ఒక్క శ్లేషతో ఆయన చెప్పదలచినదంతయు చెప్పిరి. ఇతరుల భాషకు చికిత్స చేయబూనిన పండితుల మందు వట్టి ఆడంబరమని భావము. గ్రాంథికవాదుల స్వీయరచనలలోని తప్పులను ఆయన వరుసగా ఎత్తి చూపిరి. ఆ పట్టికలకు సమాధానము చెప్పుట దుస్సాధ్యము. చదువరికి వినోదము, ఉద్యమమునకు ఉత్సాహము. కాని ఆ పట్టికలో తన పేరు చూచుకొన్న పండితుడు ఏమి చేయును? తన వాక్యములోని తప్పును ఒప్పుకొనుటయనగా తన జీవితకాలపు పాండిత్యమును బజారున పరచుటయే. ఆయనకు తిరిగి వచ్చుటకు దారి మిగులలేదు. ఇక్కడ పంతులుగారు శిష్యులు కారు, ఎఱ్ఱసిరా పట్టిన పరీక్షకులు.

దీనికొక ఆక్షేపము రాగలదు. అంత నిర్దాక్షిణ్యముగా తప్పులు చూపకున్నచో గ్రాంథికవాదుల పలుకుబడి సడలెడిదా? ఈ ఆక్షేపము తోసివేయదగినది కాదు. వివాదమున వినువారు మువ్వురు: ఎదిరి, తనవారు, తటస్థులు. తప్పుల పట్టిక తటస్థులను కదిల్చినదనుటలో సందేహము లేదు. 1924లో ఆంధ్రసాహిత్యపరిషత్తు వ్యావహారికముపై నిషేధమును ఎత్తివేసెను. మఱుసటి యేట తణుకు సభలో పంతులుగారు నాలుగు గంటలసేపు ప్రయోగములను ఉదాహరించుచు ప్రసంగించి సభ్యులను ఒప్పించిరని ప్రసిద్ధి. యువకవులు, ఉపాధ్యాయులు వారి వెంట నడచిరి. ఇంత ఫలము కలిగినను, ఎదురుపక్షపు అగ్రనాయకులు మనసార వచ్చి కలిసినట్లు చెప్పలేము. కొందఱు మౌనము వహించిరి. మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి. వివాదమున మాత్రము అది చెల్లదు.

కలిసికొనని ఇరువురు

రామయ్య పంతులుగారిని మూర్ఖసంప్రదాయవాదిగా చిత్రించుట న్యాయము కాదు. ఆయన శాసనపరిశోధకులు. యుద్ధమల్లుని బెజవాడ శాసనమును పరిష్కరించి ప్రకటించినది ఆయనయే. దక్షిణభారత శాసనసంపుటములలో తెలుగు శాసనముల సంపుటమునకు ఆయన సంపాదకులు. పరిషత్తు తాళపత్రములను సేకరించి కాపాడినది. సూర్యరాయాంధ్రనిఘంటువు ఆ కృషిఫలమే. రామమూర్తిగారును శాసనములు చదివినవారే. ముఖలింగాలయ శాసనములను ఆయన స్వయముగా చదివి పరిశీలించిరి. నన్నయకు పూర్వమున తెలుగు ఎట్లుండెనో, ఏయే రూపములు మారినవో రాతిపై చూచిన ఇరువురు విద్వాంసులు తమ ఉమ్మడి భూమిపై ఒకచోట కూర్చుండి మాటాడియుండవచ్చును. భాష మారునన్న సంగతికి శాసనముకన్న మించిన సాక్షి లేదు. ఆ కూర్పు జరుగలేదు. వేదము వేంకటరాయశాస్త్రిగారి విషయమును ఇట్టిదే. 'ప్రతాపరుద్రీయము'లో పాత్రోచితమైన వాడుకభాషను ప్రయోగించి, దానిని శాస్త్రీయముగా సమర్థించినవారు ఆయన. వ్యావహారికమునకు సగము దూరము తమంత తాముగా నడచివచ్చిన ఆ పండితుడు ఉద్యమమునకు ఎదురుపక్షముననే నిలిచెను. నాటకమునకు తగిన భాష వచనమునకేల తగదని సౌమ్యముగా అడుగదగిన ప్రశ్న వాగ్వాదముల హోరులో అణగిపోయినదని నా ఊహ.

అంతేకాదు, గ్రాంథికవాదుల ప్రశ్నలలో ఒకటి నిజముగా బలమైనది. వాడుకభాష ఊరూరికి, కులకులమునకు మారును. అందులో దేనిని ప్రమాణముగా గ్రహింపవలెను? దీనికి వ్యావహారికవాదుల సమాధానము శిష్టవ్యావహారికము, అనగా చదువుకొన్నవారి వాడుక. ఆ సమాధానము పనికి చాలినది. అయితే ఆ శిష్టులు ఎవరు, ఏ జిల్లావారు, అన్న ఉపప్రశ్న మిగిలిపోయినది. దాని బరువు మోయుచున్నది సరిహద్దులలోని మనమే. ఎదిరి ప్రశ్నను ఓడించి పక్కన పెట్టినచో అది చావదు. ఎక్కడనో, ఎవరి పిల్లల పలకమీదనో మరల తలయెత్తును.

వచ్చి కలిసినవారు

మనస్సు మార్చుకొని వచ్చినవారిలో అగ్రగణ్యులు కందుకూరి వీరేశలింగముగారు. 'రాజశేఖరచరిత్రము'ను గ్రాంథికమున వ్రాసి, వచనరచనకు మార్గదర్శకులనిపించుకొన్న ఆయన, 1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరమున ఏర్పడిన వర్తమానాంధ్రభాషాప్రవర్తకసమాజమునకు అధ్యక్షత వహించిరి, రామమూర్తిగారు కార్యదర్శి. ఆ తరువాత మూడు నెలలకే, మే 27న, వీరేశలింగముగారు పరమపదించిరి. డెబ్బదియేండ్లు నిండిన పెద్ద తన పూర్వమార్గమును విడుచుట సామాన్యము కాదు. ఆయన ప్రహసనములలో వాడుకమాట ముందునుండియు కలదు. ప్రజలకు చదువు అందవలెనన్నది ఆయన జీవితలక్ష్యము. ఆ లక్ష్యమునకు వ్యావహారికము సాధనమని తోచినప్పుడు, ఆయన తన పక్షమును విడిచినట్లు కాదు, తన పక్షమునే కొనసాగించినట్లు. ఆయన ఓడి రాలేదు, అధ్యక్షపీఠముననే ఆసీనులైరి. ఒప్పుకొనువానికి గౌరవముతో ప్రవేశించుటకు ఒక ద్వారము ఉండవలెనన్న సూత్రమునకు ఇంతకన్న మంచి ఉదాహరణము లేదు.

అప్పారావుగారి దారి వేఱు. ఆయన అసమ్మతిపత్రమును చదివినవారు కొందఱు. 'కన్యాశుల్కము'ను చూచినవారు, చదివినవారు లెక్కకు మిక్కిలి. 1897లో అచ్చయి, 1909లో పెంచి తిరిగి వ్రాయబడిన ఆ నాటకము ఏ సిద్ధాంతమును అంగీకరింపుమని అడుగదు. గిరీశము మాటలకు నవ్విన గ్రాంథికవాది, ఈ భాషలో గొప్ప రచన పుట్టదను తన మాటను ఆ నవ్వుతోనే సగము వదలుకొన్నాడు. వాదింపక చేసి చూపుటయు ఒప్పించుటలో ఒక మార్గమే.

ఒక మాట, ఒక ఎఱ్ఱగీత

నా అనుభవమొకటి ఇక్కడ చెప్పుట అప్రస్తుతము కాదు. ఒడిశాలో తెలుగు పిల్లలు చదువు ఒక బడిలో నేను తెలుగు బోధింతును. కొన్ని యేండ్ల క్రిందట ఒక బాలిక తన వ్యాసములో 'నాన్న బేగి వచ్చినాడు' అని వ్రాసినది. నేను 'బేగి'ని ఎఱ్ఱసిరాతో కొట్టివేసి 'త్వరగా' అని వ్రాసితిని. మఱునాడు ఆ పిల్ల నాయనమ్మ బడికి వచ్చి, ఎంతో మర్యాదగా అడిగినది: "మాస్టారండీ, బేగి తప్పయితే, మా అమ్మ నాకు చెప్పిన మాటలన్నీ తప్పేనా?"

నేను శిష్టవ్యవహారమును గూర్చి, పరీక్షల మార్కులను గూర్చి చెప్పితిని. ఆమె విని, తల ఊపి, వెళ్లిపోయినది. ఒప్పుకొన్నదనుకొంటిని. ఆ తరువాత ఆ బాలిక వ్యాసములలో తప్పులు తగ్గినవి, వాక్యములును తగ్గినవి. ఇంటి సంగతి ఒక్కటియు వ్రాయుట మానినది. అప్పుడుగాని నాకు తెలియలేదు, నేను గెలిచినది సిరా నా చేతిలో ఉండుటచేతనేయని. 'బేగి' సంస్కృత వేగశబ్దమునకు మన నోట మారిన రూపము. గిడుగువారు పుట్టి పెరిగిన సీమలో నేటికిని నిత్యవ్యవహారములో ఉన్నది. వ్యావహారికోద్యమ ఫలమైన పుస్తకమును చేతబట్టుకొని, ఆ ఉద్యమ నాయకుని సీమలోని మాటను నేను కొట్టివేసితిని. నాడు గ్రాంథికము చేసిన పనిని నేడు శిష్టవ్యావహారికము పేర నేను చేసితిని.

ఆ పిమ్మట పద్ధతి మార్చితిని. ఇంటి మాట కనబడినచో కొట్టివేయుట మాని, దాని క్రింద గీత గీసి, 'ఈ మాటకు పుస్తకములో ఏమందురు?' అని అడుగుచున్నాను. కొన్నిమార్లు పిల్లలు ఇంట పెద్దలను అడిగి నాకు తెలియని మాటలు తెచ్చుచున్నారు. రెండును నేర్చుచున్నారు. తల్లిదండ్రులలో కొందఱు ఇప్పటికిని ఇది కాలవ్యయమనియే తలంచుచున్నారు. వారిని నేనింకను ఒప్పింపలేదు.

ముగింపు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేకరాష్ట్రముగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరినది. దానిని ప్రతిఘటించిన రామమూర్తిగారు, ఆ ఉదయముననే పట్టణమును విడిచి రాజమహేంద్రవరము చేరి, శేషజీవితమును అక్కడ గడపిరి. 1940 జనవరి 22న కీర్తిశేషులైరి. ఆ విషయమున ఆయన ఎవరిని ఒప్పింపలేకపోయిరి. ఆజ్ఞయే తుదిమాట అయినది. ఆయన వెళ్లిరి, పర్లాకిమిడి తెలుగువారు ఉండిపోయిరి. ఉండిపోయినవారికి వాదించి లేచిపోవు సౌకర్యము లేదు. ఒడియా పొరుగువారితోను, ఇంగ్లీషును కోరు తమ బిడ్డలతోను, తమలో తాము భేదించు పెద్దలతోను నిత్యము కలిసి బ్రతుకవలసినవారు. అట్టివారికి గెలుపుకన్న ఒప్పుదల ముఖ్యము.

గిడుగువారి జీవితమునుండి ఇందుకు గ్రహింపదగినది ఆయన విజయములలోను కలదు, లోపములలోను కలదు. శిష్యుడై ప్రవేశించినచోట ఆయనకు తలుపులు తెఱచుకొన్నవి. ఎదిరి గౌరవించు ప్రమాణముతోనే వాదించినచోట తటస్థులు వెంట వచ్చిరి. పరీక్షకుడై తప్పులు లెక్కించినచోట ఎదిరి ఓడెను గాని మాఱలేదు. ప్రతి యేట ఆగస్టు 29న తెలుగు భాషాదినోత్సవము జరుపుకొనుచున్నాము. ఆనాడు ఆయన పటమునకు పూలమాల వేయుటతో తృప్తిపడక, మనతో ఏకీభవింపని పొరుగువాని మాటను ఒక్కటి పూర్తిగా విని రాగలిగినచో, సవరమాటకై చెవులనే కోల్పోయిన ఆ మహనీయునికి అది తగిన నివాళి కాగలదు.